మీ అసలు ప్రాజెక్టు బ్రాకెట్లలో ఉంది

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్ళు. సొంతూరు తెనాలి. హైదరాబాదులో ఒక సర్వీస్ కంపెనీలో జావా మెయింటెనెన్స్ పని చేస్తాను. ఆఫీసు పనిలో కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. అందుకే సాయంత్రాలు సొంతంగా ఏదైనా చేయాలని చాలాకాలంగా ప్రయత్నిస్తున్నాను. ఫోన్లో యాప్ ఐడియాల లిస్టు పెద్దదే ఉంది. పల్లెటూళ్ళకి ఫుడ్ డెలివరీ, బస్సు ఎక్కడుందో చూపించే యాప్, కాలేజీ పిల్లలకి పాత పుస్తకాల మార్కెట్ మొదలుపెట్టాను. ఏదీ లాగిన్ పేజీ దాటలేదు. చెబితే ఐడియా కొట్టేస్తారేమోనని ఎవరికీ చెప్పలేదు. మా రూమ్మేటు, వారాంతంలో అందరూ ఒకచోట కూర్చుని కోడు రాసే హ్యాకథాన్లకి రమ్మంటాడు, వెబ్‌సైట్లలో లోపాలు పట్టుకుంటే డబ్బులొస్తాయంటాడు. ఇప్పుడు కోడు ఏఐ రాసేస్తోంది కదా, ఇంకా సొంత ప్రాజెక్టులు చేయడంలో అర్థముందా? మంచి ఐడియా ఎలా ఎంచుకోవాలి? (మా అక్కకి తెనాలిలో టైలరింగ్ షాపుంది. బ్లౌజు కొలతలు రాసుకోడానికి ఒక గూగుల్ ఫారం, షీటు చేసిచ్చాను. ఏడాదిగా రోజూ వాడుతోంది. అది ప్రాజెక్టు కిందికి రాదనుకోండి.)
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ బ్రాకెట్లే. మీరు చేసిచ్చిన ఒక వస్తువుని ఒక మనిషి ఏడాదిగా రోజూ వాడుతున్నారు. పైగా ఆవిడ దాంతో తన బతుకుతెరువు నడుపుకుంటున్నారు. సొంత సమయంలో కోడు రాసే వాళ్ళలో చాలామందికి ఈ మాట చెప్పుకునే అవకాశం ఎప్పటికీ రాదు. అందులో లాగిన్ పేజీ లేదని, ప్లే స్టోర్లో లేదని, దానికి పేరు పెట్టలేదని మీరు దాన్ని లెక్కలోంచి తీసేశారు. నా లెక్కలో మీ లిస్టు మొత్తంలో అదొక్కటే ప్రాజెక్టు. మీ మిగతా ప్రశ్నలకి కూడా నా జవాబులు దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఆ మూడు ఐడియాలు లాగిన్ పేజీ దగ్గరే ఎందుకు ఆగిపోయాయో చూద్దాం. అది మీ బద్ధకం అని నేననుకోను. పల్లెటూళ్ళ ఫుడ్ డెలివరీకి హోటళ్ళు కావాలి, బండి మీద తిరిగే కుర్రాళ్ళు కావాలి, ఆర్డరిచ్చే వాళ్ళు కావాలి. ఈ ముగ్గురూ ఒకే రోజున ఉండాలి. పాత పుస్తకాలకి అమ్మేవాళ్ళు లేకపోతే కొనేవాళ్ళు రారు, కొనేవాళ్ళు లేకపోతే అమ్మేవాళ్ళు రారు. బస్సు యాప్‌కి ప్రతి బస్సులో జీపీఎస్ పెట్టే అధికారం ఉండాలి. అది ఆర్టీసీకి ఉంది, వాళ్ళ యాప్‌లు వాళ్ళకున్నాయి కూడా. తెలంగాణ ఆర్టీసీ 2023లో 'గమ్యం' తెచ్చింది. రాత్రి పదింటికి గదిలో ఒంటరిగా కూర్చుని మీరు చేయగలిగిన పని ఆ మూడింట్లోనూ లాగిన్ పేజీతోనే అయిపోతుంది. ఆ తర్వాతదంతా ఊళ్ళు తిరిగి, మనుషుల్ని ఒప్పించి, చేతి డబ్బు పెట్టాల్సిన పని. ఆ పనంటే ఇష్టం ఉన్నవాళ్ళు ఉంటారు, వాళ్ళు ఉద్యోగం మానేసి చేస్తారు. మీ ఉత్తరంలో ఎక్కడా ఆ కోరిక కనిపించలేదు. ఒక వస్తువు తయారుచేయాలన్న కోరిక కనిపించింది.

అందుకని 'మంచి ఐడియా ఎలా ఎంచుకోవాలి' అన్నదానికి నా జవాబు ఇది. వాడే మనిషి మొహం మీకు తెలిసి ఉండాలి. ఆవిడకి ఇబ్బంది వస్తే మీకు ఫోన్ చేయగలగాలి. ఆ ఒక్కరు తప్ప ఇంకెవరూ చేరకపోయినా ఆ వస్తువు పనికిరావాలి. మీ అక్కగారి షీటుకి ఈ మూడూ ఉన్నాయి.

టైలరింగ్ షాపు చిన్న విషయం అనుకుంటున్నారేమో. దగ్గరగా చూస్తే మీరు ఆఫీసులో చేసే దానికంటే కష్టమైన ప్రశ్నలు అక్కడున్నాయి. ఒక బ్లౌజుకి పొడవు, భుజం, ఛాతీ, నడుము, చేతుల పొడవు, చేతి లూజు, ముందు మెడ, వెనక మెడ కావాలి. కొందరు ఒంటి మీద కొలతలిస్తారు, కొందరు ఆది జాకెట్ ఇచ్చి 'దీనికంటే అర అంగుళం లూజు పెట్టమ్మా' అంటారు. ఆ 'దీనికంటే' అన్నదాన్ని మీ షీటులో ఏ గడిలో రాస్తున్నారు? లక్ష్మి పేరుతో ఎంతమంది ఉంటారు, వాళ్ళని మీ అక్క ఎలా గుర్తుపడతారు, ఫోన్ నంబరుతోనా, వీధి పేరుతోనా, 'టీచరుగారి కోడలు' అనా? పోయినేడాది కొలత ఇవాళ పనికొస్తుందా? మధ్యలో కాన్పు అయివుంటే పనికిరాదు. అంటే కొలతకి తేదీ ఉండాలి, పాతది చెరిగిపోకూడదు, కొత్తది పక్కన చేరాలి. మగ్గం వర్క్ బయటికి ఇస్తే ఆ బట్ట ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఎప్పుడొస్తుంది? లైనింగ్ కస్టమరు ఇచ్చిందా, షాపుదా? ఫాల్స్, పీకో ఇదే బిల్లులో కలపాలా? అడ్వాన్సు ఎంత ఇచ్చారు? పెళ్ళి ముహూర్తం పదో తేదీ అయితే డెలివరీ ఎనిమిదికి ఉండాలి, ట్రయల్‌కి ఆరో తేదీన రమ్మనాలి. మాఘమాసం ముహూర్తాల్లో, శ్రావణమాసంలో ఇవన్నీ ఒకేసారి వచ్చి మీద పడతాయి.

వీటికి జవాబులు కోడులో దొరకవు, షాపులో దొరుకుతాయి. ఒక శనివారం తెనాలి వెళ్ళండి. ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంచి, పొద్దుట్నించి సాయంత్రం దాకా షాపులో కూర్చోండి. ఆవిడ మీ షీటు ఎప్పుడు తెరుస్తున్నారో, ఎప్పుడు తెరవబోయి మానేస్తున్నారో చూడండి. ఇంకా నోటు పుస్తకంలో రాస్తున్నవి ఏమిటో, బట్టకి గుండుసూదితో గుచ్చే చీటీ మీద ఏం రాస్తున్నారో చూడండి. షీటు ఉన్నా కాగితం మీద రాస్తున్నారంటే మీరు తర్వాత చేయాల్సింది అదే. 'ఇంకేం కావాలక్కా' అని అడిగితే 'ఏం లేదురా, బానే ఉంది' అంటారు, తమ్ముడు కష్టపడి చేశాడు కాబట్టి. అందుకే అడగడం కంటే చూడడం మీద ఎక్కువ ఆధారపడండి. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ రసీదులకి నేనొక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. అందులో అందరికీ బాగా ఉపయోగపడిన భాగం ఏమిటంటే, ఎవరు కట్టలేదో ఆ లిస్టుని వాట్సాప్‌లో పెట్టడానికి వీలుగా తెలుగులో ఇచ్చే బటన్. మా సెక్రటరీగారు అడగలేదు. ఆయన ప్రతి నెలా ఆ లిస్టు చేత్తో టైపు చేయడం చూసి పెట్టాను.

ఇప్పుడు ఐడియా దొంగతనం సంగతి. చట్టం ప్రకారమైనా ఐడియాకి కాపలా లేదు. కాపీరైటు మీరు రాసిన కోడుకి వస్తుంది, దాని వెనకున్న ఆలోచనకి రాదు. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) కంప్యూటర్ ప్రోగ్రాంని దానికదిగా, వ్యాపార పద్ధతినీ పేటెంటు ఇవ్వదగ్గవి కావని చెబుతోంది. ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం వల్ల మీరు పోగొట్టుకుంటున్నది మాత్రం చాలా ఎక్కువ. 'ఆర్టీసీకి ఆల్రెడీ యాప్ ఉంది కదరా' అని మొదటి రోజే చెప్పే స్నేహితుణ్ణి పోగొట్టుకున్నారు.

హ్యాకింగ్ సంస్కృతి, అంటే సరదా కొద్దీ కంప్యూటర్లతో కుస్తీ పట్టి కొత్తవి చేసే అలవాటు గురించి మీ రూమ్మేటు చెప్పే కథ కంటే మంచి కథ ఒకటుంది. అమెరికాలోని ఎంఐటీలో 1950ల చివర్లో బొమ్మ రైళ్ళ క్లబ్బు ఒకటి ఉండేది. అందులో పట్టాల కింది వైరింగుతో కుస్తీ పట్టే కుర్రాళ్ళు కంప్యూటర్ల మీద పడ్డారు. వాళ్ళు రాసిన ప్రోగ్రాంల పేపరు టేపులు మిషను దగ్గర సొరుగులో ఉండేవి. ఎవరైనా తీసి చూడొచ్చు, బాగుచేయొచ్చు. 1962 నాటికి వాళ్ళలో ఒకడైన స్టీవ్ రస్సెల్ అక్కడి పీడీపీ-1 అనే కంప్యూటర్ మీద 'స్పేస్‌వార్' అనే ఆట రాశాడు. మొదట్లో ఆయన పని మొదలుపెట్టకుండా సైన్, కొసైన్ లెక్కలు చేసే కోడు లేదని సాకు చెబుతూ వచ్చాడు. స్నేహితుడు అలన్ కోటోక్ ఆ కంప్యూటర్ తయారుచేసిన డెక్ కంపెనీకి వెళ్ళి ఆ కోడు తెచ్చి చేతిలో పెట్టాడు. ఇక సాకు లేక రస్సెల్ రాశాడు. తర్వాత పీటర్ శాంసన్ వెనక ఆకాశంలో నిజమైన నక్షత్రాల పటం చేర్చాడు, డాన్ ఎడ్వర్డ్స్ సూర్యుడి గురుత్వాకర్షణ చేర్చాడు. ఒకరి కోడులో ఇంకొకరు చెయ్యిపెట్టారు, ఆట బాగుపడింది. రస్సెల్ తన ఐడియాని ఎవరికీ చెప్పకుండా ఉంటే కోటోక్ ఆ కోడు తెచ్చేవాడే కాదు.

అంత దూరం పోనక్కర్లేదు. ఇలాంటి పని తెలుగులో జరిగింది, మనం రోజూ దాని ఫలితం అనుభవిస్తున్నాం. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిని రూపొందించారు. అదే ఆర్‌టీఎస్. అప్పట్లో విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు ఆన్‌లైన్లో తెలుగు రాసుకోవడానికి అది ఒక దారి చూపించింది. 2000ల్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే తెరమీద పిచ్చి గుర్తులు కనిపించేవి, అక్కణ్ణించి కాపీ చేసుకునే వీల్లేదు, వెతికే వీల్లేదు. వెన్న నాగార్జున 'పద్మ' అని ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకి ఒక పొడిగింపు రాసి ఆ ఫాంట్ల తెలుగుని యూనికోడ్ తెలుగుగా, అంటే ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే ఉమ్మడి పద్ధతిలోకి మార్చి చూపించారు. 2006లో వీవెన్ ఆ పద్మ కోడు ఆధారంగా 'లేఖిని' చేశారు. పైన ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే కింద తెలుగులో వస్తుంది. ఇన్‌స్టాల్ చేయాల్సిందేమీ లేదు, పేజీ తెరిస్తే చాలు. ఆ రోజుల్లో తెలుగు బ్లాగులు రాసినవాళ్ళలో, తెలుగు వికీపీడియాలో వ్యాసాలు ఎక్కించినవాళ్ళలో ఎంతమంది లేఖినితో అక్షరాలు దిద్దుకున్నారో ఆ కాలం వాళ్ళని అడగండి.

ఆర్‌టీఎస్ పద్ధతి అందరికీ తెరిచి ఉంది, పద్మ కోడు అందరికీ తెరిచి ఉంది, అందుకే లేఖిని వచ్చింది. ఈ వరసలో ఎవరూ కోట్లు సంపాదించలేదు. కానీ తెలుగు ఇంటర్నెట్ చరిత్ర రాస్తే వీళ్ళ పేర్లు లేకుండా మొదటి పేజీ రాయలేం. నాకు ఈ వృత్తి మీద గౌరవం కలిగించింది పెద్ద కంపెనీల కథలు కాదు, ఈ ముగ్గురు నలుగురు చేసిన పనే. వాళ్ళకి తమ భాషలో రాసుకోవాలని ఉంది, దారి లేదు, దారి వేశారు. మీ అక్కకి కొలతలు పోకుండా ఉండాలి. అదీ అదే జాతి పని.

మీరు అడగలేదు గానీ మీ ఆఫీసు సంగతి చెప్పాలి. అపాయింట్‌మెంట్ లెటరు తీసి మేధోసంపత్తి గురించి ఏం రాశారో చదవండి. మన కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. కొన్ని కంపెనీలు ఒప్పందంలో ఉద్యోగ కాలంలో ఏం రాసినా మాదేనన్నట్టు రాయించుకుంటాయి. 2022లో విప్రో, పోటీ సంస్థలకి కూడా పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది. మీది ఆ కోవలోది కాదు, అయినా సొంత ల్యాప్‌టాప్, సొంత ఖాతా, సొంత సమయం అన్న మూడూ తప్పకండి. క్లయింటు కోడులోంచి ఒక్క లైను తేకండి. డబ్బులు తీసుకోవడం మొదలయ్యే ముందు హెచ్‌ఆర్‌కి మెయిలు పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. యాపిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ కూడా ముందు తన యజమానినే అడిగాడు. 1975లో కాలిఫోర్నియాలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు మొదలైనప్పుడు ఆయన హ్యూలెట్ ప్యాకార్డ్‌లో ఉద్యోగి. సాయంత్రాలు తయారుచేసిన కంప్యూటర్ డిజైను కాగితాలు క్లబ్బులో ఉచితంగా పంచాడు. అమ్మే మాట వచ్చాక ముందు తన కంపెనీకే చూపించి, వాళ్ళు వద్దన్నాకే బయట అమ్మాడు. అదే తర్వాత యాపిల్-1 అయింది.

రూమ్మేటు చెప్పిన రెండు విషయాల గురించి ఎక్కువ చెప్పను. హ్యాకథాన్‌కి సరదాకి వెళ్ళండి, మనుషులు పరిచయమవుతారు. అక్కడ తయారైనవి చాలావరకు సోమవారం తర్వాత ఎవరూ తెరవరు. ఇక వెబ్‌సైట్ల లోపాలు. లోపాలు చూపిస్తే డబ్బులిస్తామని కంపెనీ తానే ప్రకటించి, ఏది ముట్టుకోవచ్చో రాసిపెట్టిన చోట మాత్రమే ప్రయత్నించండి. కాలేజీ రిజల్ట్స్ సైటో, ప్రభుత్వ పోర్టలో అనుమతి లేకుండా లోపలికి చొరబడి చూస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మంచి ఉద్దేశంతో చేశానన్నా కేసు టెన్షన్ తప్పదు. ఎక్కడైనా లోపం అనుకోకుండా కంటపడితే కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి రాసి వదిలేయండి.

ఆ నైపుణ్యం మీద నిజంగా ఆసక్తి ఉంటే ముందు మీ సొంత షీటు మీద వాడండి. అందులో ఆడవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, ఒంటి కొలతలు ఉన్నాయి. 'లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడొచ్చు' అన్న సెట్టింగులో ఉందేమో ఈ ఉత్తరం చదవడం ఆపి చూడండి. ఉంటే ఇప్పుడే మార్చండి. మీ ఇద్దరి ఖాతాలకి తప్ప ఎవరికీ తెరుచుకోకూడదు. అక్క ఫోన్ పోతే ఏమవుతుంది? షాపులో కొత్తగా చేరిన అమ్మాయికి ఫోన్ ఇస్తే ఆమెకి ఏమేం కనిపిస్తాయి? బ్లౌజు కుట్టే మనిషికి కొలతలు చాలు, ఫోన్ నంబరు అక్కర్లేదు. వ్యక్తిగత సమాచారం గురించి 2023లో మన దేశంలో చట్టం వచ్చింది. కానీ చట్టం లేకపోయినా ఇది చేయాల్సిందే. ఆ కొలతలు ఆవిడని నమ్మి ఇచ్చినవి.

ఏఐ గురించి. వాడండి, నేనూ వాడుతున్నాను. ఫారం గీయడం, తేదీలు సరిచేయడం, పాత షీటు నుంచి డేటా మార్చడం లాంటివి ఇప్పుడు గంటల్లో అయిపోతాయి. దానివల్ల సొంత ప్రాజెక్టులకి అర్థం పోలేదు. ఇదివరకు రోజుల తరబడి లాగిన్ పేజీ దగ్గర ఆగిపోయే మీకు ఇప్పుడు అక్క షాపు గురించి ఆలోచించే టైము మిగిలింది. ఆది జాకెట్ సంగతి, టీచరుగారి కోడలి సంగతి, కత్తెర పట్టుకున్న చేత్తో ఫోన్ నొక్కాలంటే బటన్ ఎంత పెద్దదుండాలన్న సంగతి ఏ ఏఐకీ తనంతట తనకి తెలియదు. మీరు చూసి చెప్పాలి. ఒక్క జాగ్రత్త: అది రాసిన కోడులో డేటాని దాచేది, చెరిపేది, ఎవరికి కనిపించాలో నిర్ణయించేది ప్రతి లైనూ మీరు చదివి అర్థం చేసుకోండి. అర్థం కాకపోతే అడిగి నేర్చుకోండి. ఆఫీసులో దొరకదన్న నేర్చుకోవడం మీకు అక్కడే దొరుకుతుంది.

ప్లే స్టోరు కోసం తొందరపడకండి. ఫోన్ బ్రౌజరులో తెరుచుకునే ఒక పేజీ చేసి, హోమ్ స్క్రీను మీద దాని గుర్తు పెట్టిస్తే చాలు. సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు కూడా రాసుకునే వీలుండాలి, సిగ్నల్ వచ్చాక అదే చేరిపోవాలి. మాటలన్నీ తెలుగులో ఉండాలి, అవి మీ అక్క వాడే మాటలే అయ్యుండాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మొత్తం డేటా ఒక ఫైలుగా దించుకునే బటన్ మొదటి రోజునించే పెట్టండి. రేపు మీకు పెళ్ళయి, తీరిక లేక, మీరు దీన్ని వదిలేసినా ఆవిడ కొలతలు ఆవిడకి ఉంటాయి.

ఆ పేజీని ముందు మీ అక్క ఒక్కరితోనే వాడించండి. ఆవిడ నోటు పుస్తకం పూర్తిగా మానేశాక ఆవిడకి తెలిసిన ఇంకో టైలరుకి ఇవ్వండి. ఆ రెండో మనిషి దగ్గర చాలా విషయాలు మారతాయి. ఆవిడ చుడీదార్లు ఎక్కువ కుట్టొచ్చు, కొలతలు సెంటీమీటర్లలో రాసుకోవచ్చు, మీ అక్క ఎప్పుడూ అడగనివి అడగొచ్చు. ఎప్పుడైనా ప్లే స్టోరు దాకా వెళ్తే కొత్త వ్యక్తిగత ఖాతాలకి గూగుల్ ఒక నియమం పెట్టింది: కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు యాప్‌లో చేరి ఉండాలి. చాలామంది డెవలపర్లు ఆ పన్నెండు మంది కోసం తెలియనివాళ్ళని బతిమాలుకుంటారు. మీకు అప్పటికి తెనాలిలో పన్నెండు మంది టైలర్లు ఉండొచ్చు. ఖాతా తెరవడానికి ఒక్కసారి కట్టే 25 డాలర్లు తప్ప ఇంకో ఖర్చు లేదు. కంపెనీ రిజిస్ట్రేషను, లోగో, విజిటింగ్ కార్డు లాంటివాటి గురించి ఇప్పుడు ఆలోచించనే వద్దు.

కోడు కూడా అందరికీ తెరిచి పెట్టమనే నా సలహా, కస్టమర్ల డేటా మాత్రం అందులో ఎక్కడా లేకుండా. కర్నూలులోనో, బళ్ళారిలోనో ఇంకో తమ్ముడు తన అక్క కోసం దాన్ని తీసుకుని మార్చుకుంటాడు. మీరు ఊహించని మార్పు ఒకటి చేసి మీకు తిరిగి పంపుతాడు.

వారానికి రెండు సాయంత్రాలు పెట్టండి, నిద్ర మాత్రం చెడగొట్టుకోకండి. ఫోన్లో ఉన్న ఆ ఐడియాల లిస్టు అక్కడే ఉండనివ్వండి, చెరపక్కర్లేదు. మీ అక్కగారు ఆది జాకెట్ కొలతల్ని చివరికి ఎలా రాసుకుంటున్నారో నాకు తప్పకుండా తెలియజేయండి. దానికి మీరు ఏ దారి కనిపెడతారో చూడాలని ఉంది.